కింది దారం

మార్చి 3, మంగళవారం

ఈ పుస్తకం రెక్సిన్ కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చింది. కొలతలు రాసుకోవడానికి పనికొస్తుందని సొరుగులో పడేశాను. కొలతలకి నా కొట్టు గోడ ఉంది. కాకపోతే గోడ మీద రాసింది ఎప్పుడైనా మా ఆవిడ కంట పడొచ్చు, ఇందులో రాసింది పడదు.

ఇవాళ మధ్యాహ్నం భోజనం దగ్గర చెప్పింది. "ఇరవయ్యో తారీకున బయలుదేరుతున్నా. బండి మీద. సముద్రం ఒడ్డున దీపస్తంభం దాకా వెళ్ళి ముప్ఫై ఒకటి సాయంత్రానికి ఇంట్లో ఉంటా. పన్నెండు రోజులు."

ఒక్కదానివేనా అన్నాను. ఒక్కదాన్నే అంది. ఎందుకు అన్నాను.

"ఊరికే."

నలభై ఏడేళ్ళ మనిషి. డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్ళకి మోటార్ సైకిల్ నేర్పడమే ఉద్యోగం, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉండేది బండి మీదే. అలాంటి మనిషి ఇంకో పన్నెండు రోజులు బండి మీదే, అదీ ఊరికే తిరిగొస్తుందట. నేను ఇరవై ఆరేళ్ళుగా కార్ల సీట్లకి తొడుగులు కుడుతున్నాను. ఒక్కరోజు కూడా ఊరికే కుట్టలేదు.

మార్చి 4, బుధవారం

ఊరికే అనేది కారణం కాదు. కారణం చెప్పదలుచుకోని వాళ్ళు వాడే మాట.

మార్చి 7, శనివారం

బ్యాగుల షాపుకి నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళింది. "కుట్టు సంగతి మీకు తెలిసినంత నాకు తెలీదు. చూసి చెప్పండి" అంది. ఆ మాట నిజమే, కుట్టు దగ్గర నన్నెవరూ ఏమార్చలేరు. కానీ అన్నీ తనే నిర్ణయించేసుకుని, కుట్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం నా అవసరం ఎందుకు పడింది? మంచి చేసుకోవడానికే అయ్యుండాలి.

షాపతను బల్ల వెనక నిలబడి కూడా రైడింగ్ జాకెట్ విప్పడు. మోచేతులకి, భుజాలకి మందపాటి మెత్తలు. కుర్చీలోంచి పడతానని భయం కాబోలు.

అతని దగ్గర రెండు రకాలున్నాయి. ఒకటి రేకు పెట్టెలు. బండికి బోల్టులతో బిగించి తాళం వేసుకునేవి. రెండోది మెత్తటి బ్యాగులు. వెనక సీటు మీదుగా అటొకటి ఇటొకటి వేలాడేసి పట్టీలతో లాగి కట్టుకునేవి. నేను పెట్టెలే బాగున్నాయన్నాను. తాళం ఉంది, వాన దిగదు, అసలు కుట్టే లేదు కాబట్టి ఊడే భయమూ లేదు.

"పెట్టెలు బరువు సార్. బండి పక్కకి పడితే కాలు దాని కింద ఇరుక్కుంటుంది. ఇవైతే నలుగుతాయి, అంతే. సాయంత్రం అయ్యేసరికి క్లిప్పు తీసి, భుజాన వేసుకుని ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్ళిపోవచ్చు" అన్నాడు షాపతను.

భుజాన వేసుకుని ఎక్కడికి కావాలంటే అక్కడికి. ఆవిడ మొహం చూశాను. ఆ మాట నచ్చినట్టే ఉంది.

"ఒక్క జాగ్రత్త మేడం. పట్టీ ఊడి వేలాడకూడదు. వెనక చక్రంలో పడిందంటే బండి అక్కడికక్కడే ఆగిపోతుంది. మనిషి ఆగదు."

ఆవిడ తలూపి, పట్టీలన్నీ లోపలివైపు నుంచి వేళ్ళతో తడుముతూ పోయింది. స్కూల్లో కూడా ఇదే పాఠం చెబుతుంది. బయలుదేరే ముందు బండిని చూడటం కాదు, చేత్తో తడమాలని. ఆ పాఠం ఇంట్లో నేను వెయ్యిసార్లు విన్నాను.

"ఇంతకీ ఎక్కడికి మేడం ప్రయాణం?" అన్నాడు షాపతను.

"ఊరికే."

"ఏ ఊరికి?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

చివర్లో బయట నిలబెట్టిన మా బండి మీద ఒక జత వేసి చూపించాడు. రెండు పక్కలా రెండు, మధ్యలో సీటు మీద అడ్డంగా మూడోది. వెనక సీటు మాయమైపోయింది. ఆ సీటు తొడుగు నేనే కుట్టాను. నీలం రంగు. నా నడుము నొప్పికి తగ్గట్టు లోపల ఫోమ్ ఎక్కువేసి మరీ కుట్టాను. దాని మీద ఇప్పుడు ముప్ఫై లీటర్ల బ్యాగు కూర్చుంది.

మార్చి 8, ఆదివారం

ఇరవై ఎనిమిది, ఇరవై ఎనిమిది, ముప్ఫై. మూడు బ్యాగులూ కలిపి మొత్తం ఎనభై ఆరు లీటర్లు.

ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు బీరువాలో ఆవిడ బట్టల అర కొలిచాను. అడ్డం ఎనభై సెంటీమీటర్లు, లోతు ముప్ఫై అయిదు, ఎత్తు ముప్ఫై. గుణిస్తే ఎనభై నాలుగు లీటర్లు. అర మొత్తం ఖాళీ చేసుకుపోయినా ఇంకా రెండు లీటర్లు మిగులుతుంది.

మా అక్కకి ఫోన్ చేసి చెప్పాను.

"పన్నెండు రోజులకి నాలుగు జతలు చాలవట్రా? దానికి అంత సామాను దేనికి?" అంది.

"అదే కదా నేనూ అంటున్నాను."

"నువ్వేమైనా అన్నావా దాన్ని?"

"నేనేం అంటాను అక్కా?"

"అవున్లే. నువ్వేమీ అనవు. అదే నీతో వచ్చిన చిక్కు" అని పెట్టేసింది.

అక్క ఎప్పుడూ ఆవిడ పక్షమే.

మార్చి 10, మంగళవారం

షాపతను రెండు జతలు పరీక్షకని ఇచ్చాడు. మొదటి జత మీద వాన ఆగుతుందని పెద్ద అక్షరాల్లో ఉంది, కొద్దిపాటి తడిని తట్టుకుంటుందని లోపల చీటీ మీద చిన్న అక్షరాల్లో ఉంది. ఇలాంటి మోసాలు నేను ఇట్టే పట్టేస్తాను. లోపల కాగితాలు పెట్టి, పెరటి పంపు కింద పది నిమిషాలు ఉంచాను. కాగితాలు పేస్టులా అయ్యాయి. రెండో జతకి జిప్పు. దుమ్ము పడితే వారానికి బిగుసుకుపోయే రకం. రెండూ వెనక్కి పంపించాను.

"మీరున్నారు కాబట్టి సరిపోయింది" అంది ఆవిడ సంతోషంగా.

ఎందుకంత సంతోషం? నేను కొనొద్దంటుంటే సంతోషపడుతోందంటే, వెళ్ళే పని మీద ఎంత గట్టిగా ఉందో అర్థమవుతూనే ఉంది.

మార్చి 12, గురువారం

ఫ్రిజ్ తలుపు మీద దారి రాసిన కాగితం అంటించింది. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడ పెట్రోలు, ఎక్కడ పడక. మొదటి రోజు నూట పది కిలోమీటర్ల దగ్గర పెట్రోల్ బంకు, టీ. అంత వివరంగా రాసిన మనిషి మూడో రోజు, నాలుగో రోజు ఎదురుగా ఒకే ఒక్క మాట రాసింది.

"ఊరు."

అంటే ఆవిడ పుట్టిన ఊరు. మనం ఊరు అని ఊరుకుంటే అది సొంతూరే. దీపస్తంభానికి పోయే రోడ్డు సముద్రం పక్కనే పోతుంది. ఆ ఊరు దారిలో లేదు. డెబ్భై కిలోమీటర్లు పక్కకి పోవాలి.

షాపతను అడిగినప్పుడు ఏమంది? ఊరికే అంది. అతను ఏ ఊరికి అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నేనే తెలివితక్కువగా విన్నాను. మొదటి రోజు భోజనం దగ్గర నాతోనూ నిజమే చెప్పింది. ఊరికే. ఆ ఊరికే. దీపస్తంభం అంతా పైపై మాట.

మార్చి 13, శుక్రవారం

ఆ ఊళ్ళో ఏటి పడవల ఇంజన్లు బాగుచేసే మా బావమరిదికి ఫోన్ చేశాను. ఏడాదికి ఒకసారి కూడా చెయ్యను నేను.

"ఏంటి బావా, మీరు చేశారు? అందరూ బాగానే ఉన్నారా?" కంగారుపడ్డాడు.

"ఊరికే చేశాను" అన్నాను.

వాన గురించి, ఇంజన్ల గురించి కాసేపు మాట్లాడి, మీ మేడ మీద గది ఖాళీగానే ఉందా అని మాటల్లో మాటగా అడిగాను.

"మొన్నటిదాకా పాత సామాన్లు ఉండేవి బావా. అక్క వస్తానంది కదా, అన్నీ తీయించి రంగులు వేయించా. తలుపుకి కొత్త తాళం కూడా పెట్టించా."

రెండు రాత్రులు పడుకోవడానికి ఎవరైనా గదికి రంగులు వేయిస్తారా? కొత్త తాళం దేనికి? పని మధ్యలో సగం తొడుగు వేసిన కారు సీటు మీదే కూర్చుండిపోయాను.

మార్చి 14, శనివారం

నేరుగా అడిగేద్దామా అనుకున్నాను. నువ్వు తిరిగొస్తావా అని. అడిగితే ఆవిడ చెబుతుంది. అబద్ధం చెప్పే అలవాటు లేదు. అందుకే అడగలేదు.

మార్చి 15, ఆదివారం

మూడో జత ఖాయం చేసుకుంది. నల్లవి. జిప్పు లేదు, పైఅంచు మూడు మడతలు చుట్టి క్లిప్పు వెయ్యడమే. పంపు కింద అరగంట పెట్టినా లోపలి కాగితం పొడిగానే ఉంది. ఇటుకలు నింపి పగలంతా వాకిట్లో వేలాడదీశాం.

"కుట్టు ఎలా ఉంది?" అంది.

చాలా బాగుంది. అంగుళానికి ఏడు కుట్లు. ప్రతి పట్టీ మొదట్లో చదరంగా కుట్టి, దాని మధ్యలో అడ్డంగా రెండు గీతలు. నేను కుట్టినా అంతకంటే బాగా రాదు.

"పర్వాలేదు" అన్నాను.

మార్చి 16, సోమవారం

బయటివాళ్ళ దగ్గర కొనేబదులు నాతో కుట్టించుకోవచ్చుగా అని నోరు జారాను.

"రెండేళ్ళు ఎదురుచూశా కదా" అంది, కోపం లేకుండానే.

రెండేళ్ళు కాదు. ఏడాదిన్నర ఉంటుంది. కుట్టి ఇస్తానని అన్న మాట వాస్తవం, బట్ట కూడా కోసి పెట్టాను. అది ఎక్కడ పెట్టానో వెతకాలి.

మార్చి 17, మంగళవారం

ఆవిడ స్కూలుకి వెళ్ళాక బ్యాగులు కొట్లోకి తెచ్చి పరీక్ష చేశాను. పరీక్ష తప్ప ఇంకేం లేదు.

మిషన్ కుట్టులో రెండు దారాలుంటాయి. పై దారం అందరికీ కనిపిస్తుంది. కింది దారం మిషన్ అడుగునున్న బాబిన్‌లోంచి వచ్చి, లోపలివైపు నుంచి పైదాన్ని పట్టుకుని ఉంటుంది. కింది దారం తెగినా పైనుంచి చూస్తే కుట్టు నిక్షేపంలా ఉంటుంది. బరువు పడి లాగుతూ ఉంటే మాత్రం మెల్లగా వచ్చేస్తుంది. ఎంత లాగితే వస్తుందో తెలుసుకుందామని కుడి బ్యాగు కింది పట్టీ దగ్గర, లోపలివైపు, బ్లేడుతో అక్కడక్కడ తెంపి చూశాను. పన్నెండు చోట్ల. తర్వాత రెండు చేతులా లాగాను. రాలేదు. గట్టిగానే ఉంది.

డెబ్భై, ఎనభై కిలోమీటర్లు పోయాక కాస్త వదులవుతుందేమో. అప్పుడు బ్యాగు ఒక పక్కకి జారుతుంది. ఆవిడ చూసుకుంటుంది, ఆగుతుంది, ఇక లాభం లేదని వెనక్కి తిరుగుతుంది. ఇంటికొస్తే నేనే కుట్టి పెడతాను. అయిదు నిమిషాల పని. ఇలాంటి బ్యాగుల్ని నమ్ముకుని అంత దూరం ఏం వెళ్తాంలే అని తనకే అనిపిస్తుంది. ఇందులో ఎవరికీ నష్టం లేదు.

అది చక్రం వైపు పట్టీ కాదు.

చక్రం వైపుదే.

మార్చి 18, బుధవారం

పొద్దున్నే బ్యాగులన్నీ సర్దింది. మధ్యాహ్నం భోజనం చేస్తూ చెయ్యి ఆపి, "పట్టీలు ఇంకొక్కసారి చూస్తారా?" అంది.

"నిన్ననే చూశాను. బాగున్నాయి."

"అన్నీ?"

"అన్నీ."

సరే అని కంచం తీసుకుని లేచిపోయింది. సగం కూడా తినలేదు. ప్రయాణం హడావిడిలో ఆకలి ఉండదు కదా.

మార్చి 19, గురువారం

ఆవిడ సాయంత్రం కొట్లోకి వచ్చింది. మామూలుగా రాదు, రెక్సిన్ వాసన పడదు. నేను డెంటిస్టు గారి కారు సీట్లు విప్పుతున్నాను. అక్కడున్న స్టూలు మీద కూర్చుని, "రేపు పొద్దున్నే వెళ్తున్నా. నాకేమైనా చెప్పాలా?" అంది.

"జాగ్రత్త" అన్నాను.

"అంతేనా?"

"వేగం వెళ్ళకు."

కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది. నా మిషన్ పక్కన ఉన్న బ్లేడు వైపు చూసినట్టనిపించింది. నా అనుమానమే అయ్యుంటుంది.

రేపు ఆరింటికి బయలుదేరుతుంది. నేను అయిదింటికే లేచి ఆ పట్టీ కుట్టేస్తాను. అయిదు నిమిషాల పని.

మార్చి 20, శుక్రవారం

అయిదింటికి మెలకువ వచ్చింది. లేవలేదు. లేస్తే ఇప్పుడెందుకు కుడుతున్నారని అడుగుతుంది. ఏం చెప్పాలో ఆలోచిస్తూ పడుకున్నాను. వాకిట్లో క్లిప్పులు పడుతున్న చప్పుడు ఒక్కొక్కటే వినిపించింది. ఆరింటికి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"వెళ్తున్నా."

ఇరవై రెండేళ్ళుగా కూరగాయలకి వెళ్ళినా వెళ్ళొస్తా అనే మనిషి.

బండి వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చి టీ పెట్టుకున్నాను. తాగలేకపోయాను. డెబ్భై, ఎనభై కిలోమీటర్లని నేనే రాసుకున్నాను కదా. గంటన్నర. గడియారం చూస్తే ఆరూ ఇరవై. మనిషి ఆగదు అన్న షాపతని మాట చెవిలో మోగుతూనే ఉంది. ఫోన్ చేశాను. బండి నడిపేటప్పుడు ఎత్తదు. మళ్ళీ చేశాను. తొమ్మిదిసార్లు చేశాను.

చేతికి అందింది డెంటిస్టు గారి కారే. డ్రైవర్ సీటు ఒక్కటే ఉంది, మిగతావన్నీ విప్పి గోడకి ఆనించి ఉన్నాయి. అలాగే తీసుకుని బయలుదేరాను. వెనకంతా డొల్ల, సీటు బోల్టులు అటూ ఇటూ దొర్లుతున్నాయి. ప్రతి మలుపు దగ్గరా ముందు ఎక్కడైనా జనం గుంపుగా ఉన్నారా అని చూశాను. ఒకచోట ఉన్నారు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు.

నూట పది కిలోమీటర్ల దగ్గర బంకులో ఆవిడ బండి కనిపించింది. నిలబడే ఉంది. ఆవిడ హెల్మెట్ పక్కన పెట్టుకుని టీ తాగుతోంది. నన్నూ, సీట్లు లేని కారునూ మార్చి మార్చి చూసింది.

"డెంటిస్టు గారిదా?"

నేరుగా బండి దగ్గరికి పోయి, మోకాళ్ళ మీద కూర్చుని, కుడి బ్యాగు కింద చెయ్యి పెట్టాను. వేళ్ళకి తగిలింది కంపెనీ కుట్టు కాదు. వంగి చూశాను. లావుపాటి ఎర్ర దారం. చేతికుట్టు. మా వీధి చివర చెప్పులు బాగుచేసే పెద్దాయన దారం అది, ఎక్కడ చూసినా గుర్తుపడతాను.

"బుధవారం పొద్దున కుట్టించా. తడుముతుంటే దారం కొసలు వేలికి గుచ్చుకున్నాయి. పన్నెండు" అంది వెనక నుంచి.

నేను లేవలేదు.

"ముందు కంపెనీ వాళ్ళ తప్పేమో అనుకున్నా. పెద్దాయన చూసి, ఇది తెగింది కాదమ్మా, బ్లేడుతో కోసింది అన్నాడు. ఆ తర్వాతే మిమ్మల్ని అడిగా, పట్టీలు చూస్తారా అని. నిన్న కొట్లోకి వచ్చి మళ్ళీ అడిగా. రెండు రోజులు చూశా, మీ నోటితో చెబుతారేమోనని."

"నువ్వు వెనక్కి వచ్చేస్తావనుకున్నాను. అంతకంటే ఏం లేదు. పడిపోతావని..."

"తెలీదా?"

తెలుసు. షాపులో ఆవిడ పక్కనే నిలబడి విన్నాను. తెలుసు అన్నాను.

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టింది. ఇక నా నోరు ఆగలేదు. ఎనభై ఆరు లీటర్లు, బీరువా అర, మేడ మీద గది, రంగులు, కొత్త తాళం, ఫ్రిజ్ మీద ఊరు, షాపులో నవ్వు, అన్నీ కక్కేశాను. పెట్రోలు కొట్టే అతను కూడా పైపు పట్టుకుని వింటున్నాడు.

"నేను రానని ఎవరన్నారు మీతో?"

"ఎవరూ అనలేదు."

"ఆ బ్యాగుల్లో ఉన్నది గుడారం. దుప్పటి, స్టవ్వు, పనిముట్లు, గాలి పంపు. బట్టలు నాలుగు జతలు. మీరు అడిగుంటే విప్పి చూపించేదాన్ని."

"అడిగానుగా, ఎందుకు వెళ్తున్నావని."

"చెప్పాగా, ఊరికే అని. ఊరికే కాబట్టే ఊరికే అన్నా. మిమ్మల్నీ రమ్మన్నా. మూడుసార్లు అడిగా. ఈ వయసులో ఈ వేషాలేంటి అన్నారు."

ఆ సంగతి ఈ పుస్తకంలో ఎక్కడా రాయలేదు నేను. ఇప్పుడే చూశాను. సక్రమంగా అన్నీ రాశాననుకున్నాను.

ఆవిడ హెల్మెట్ పెట్టుకుని, అద్దం పైకెత్తి నావైపు చూసింది.

"బుధవారం దాకా నిజంగా ఊరికే వెళ్తున్నా. ఇప్పుడు మాత్రం ఊరికే కాదు. ఆలోచించుకోవడానికి వెళ్తున్నా."

"వెళ్ళొస్తా అను" అన్నాను.

"వెళ్తున్నా" అంది.

నేను ఆవిడని చంపబోయాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇంటికొచ్చిన దగ్గర్నుంచి పేజీలు నింపుతున్నాను.

మార్చి 21, శనివారం

డెంటిస్టు గారు వచ్చారు. "కారు రెండొందల ఇరవై కిలోమీటర్లు తిరిగినట్టు చూపిస్తోందేంటి?" అన్నారు.

"ఊరికే" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు. నమ్మలేదు. నమ్మాల్సిన పని కూడా లేదు.

మార్చి 24, మంగళవారం

బావమరిది ఫోన్ చేశాడు. "అక్క రెండు రోజులు ఉండి పొద్దున్నే బయలుదేరింది బావా. ఎక్కువ మాట్లాడలేదు. దారిలో ఏమైనా అయిందా?"

ఏం కాలేదన్నాను. అడక్కూడదనుకుంటూనే కొత్త తాళం ఎందుకు పెట్టించావని అడిగేశాను.

"పాత దాని తాళంచెవి పోయింది బావా" అన్నాడు. "ఎందుకలా అడుగుతున్నారు?"

మార్చి 25, బుధవారం

ఏమీ లేదు.

మార్చి 26, గురువారం

అటక మీద వెతికితే ఆ బట్ట దొరికింది. బ్యాగుల కోసం కోసినది. కోసిన అంచులు దారాలు లేచిపోయి ఉన్నాయి. చీటీ మీద నా చేత్తో రాసిన తేదీ ఉంది. రెండేళ్ళ నాలుగు నెలలు.

మార్చి 27, శుక్రవారం

ఫోటో పంపింది. దీపస్తంభం, దాని ముందు బండి, బండి పక్కన ఆవిడ. కింద ఒక్క మాట కూడా రాయలేదు. నేను దీపస్తంభాన్ని చూడలేదు. బొమ్మ పెద్దది చేసుకుంటూ పోయి కుడి బ్యాగు కింద ఎర్ర దారం వెతుక్కున్నాను. పట్టుకునే ఉంది.

ఫోటో ఎవరు తీశారు అని టైప్ చేశాను. చెరిపేశాను.

ఎప్పుడొస్తావు అని టైప్ చేశాను. అదీ చెరిపేశాను.

మధ్యాహ్నం ఆ చెప్పుల పెద్దాయన దగ్గరికి పోయి పక్కన కూర్చున్నాను. ఆయనకి నా సంగతి తెలుసు. తెలిసినట్టు పైకి కనిపించనివ్వలేదు, అది మరీ కష్టంగా ఉంది. చేతికుట్టు నేర్పమన్నాను. "మిషన్ ఉందిగా నీకు?" అన్నాడు. ఉందన్నాను. ఒకే దారానికి రెండు కొసల్లో రెండు సూదులు. ఒకే రంధ్రంలోంచి ఒకటి ఇటు, ఒకటి అటు పోవాలి. ఇందులో పై దారం, కింది దారం అని ఉండవు. ఒకచోట తెగినా రెండోది పట్టుకుంటుంది. ఇరవై ఆరేళ్ళ పనివాణ్ణి, పది కుట్లకి నాలుగుసార్లు వేలు పొడుచుకున్నాను.

మార్చి 30, సోమవారం

ఆవిడ రేపు రావాలి. రాకపోతే ఫోన్ చేసే హక్కు నాకుందో లేదో తెలియడం లేదు. బీరువా దగ్గర రెండుసార్లు నిలబడ్డాను. తలుపు తీయలేదు.

మార్చి 31, మంగళవారం

సాయంత్రానికి ఇంట్లో ఉంటానంది. మూడింటి నుంచే వాకిట్లో ఉన్నాను. నాలుగైంది, అయిదైంది. రాదు అనుకున్నాను. రాకపోవడమే న్యాయమనీ అనుకున్నాను. అయిదున్నరకి వీధి మలుపులో బండి చప్పుడు వినిపించింది. చెప్పిన రోజు, చెప్పిన పూటకి వచ్చింది. ఈ నెలంతా నేను అనుకున్నవాటిలో ఒక్కటి కూడా నిజం కాలేదు.

మొహం ఎండకి కమిలిపోయింది. నన్ను చూసి, తలూపి, హెల్మెట్ తీసి పక్కన పెట్టింది. క్లిప్పులు తీసి ఎడమ బ్యాగు మాత్రం భుజాన వేసుకుని నేరుగా కొట్లోకి నడిచింది. దాన్ని నా బల్ల మీద పెట్టింది.

"దారిలో రాయికి రాసుకుని ఈ పట్టీ పోయింది. ఇది ఎవరూ కోసింది కాదు" అంది. "కుట్టండి."

"నేనా?"

"ఈ ఇంట్లో కుట్టేవాళ్ళు ఇంకెవరున్నారు?"

ఏడుపొచ్చింది. పట్టీ మీదికి వంగి దాచుకున్నాను. ఉంటావా, వెళ్తావా, ఏం ఆలోచించుకున్నావు, ఏదీ అడగలేదు. మిషన్ ముందు కూర్చోలేదు. రెండు సూదులు తీసి, దారానికి మైనం రాసి చేత్తో మొదలుపెట్టాను. ఆవిడ స్టూలు దగ్గరికి లాక్కుని, నా మోచేతికి జానెడు దూరంలో కూర్చుంది.

ఇరవై రెండేళ్ళలో నేను కుడుతుంటే కూర్చుని చూడటం ఎప్పుడూ ఎరగను. రెక్సిన్ వాసన పడదు. అలాంటిది ఇవాళ పన్నెండు రోజుల ప్రయాణం చేసి వచ్చి, మొహం కూడా కడుక్కోకుండా, నా చేతుల మీంచి చూపు తిప్పకుండా కూర్చుంది. సూది లోపలివైపు పోయినప్పుడల్లా మెడ వంచి లోపలివైపు కూడా చూసింది. చివరి ముడి వేశాక పట్టీ అందుకుని, వేళ్ళతో అడుగున తడిమింది. రెండుసార్లు.

"ఎందుకలా చూస్తున్నావు?" అన్నాను.

"ఊరికే" అంది.